నాలుగు డిస్కుల డబ్బా కొనకండి: లక్సెట్టిపేట ఇళ్లకు కొన్ని ఎదురు సలహాలు

ఇంట్లో కంప్యూటర్ నిండిపోయింది. ఇంకో నాలుగైదు టీబీల జాగా కావాలి. చేతిలో ఉన్నది తక్కువ డబ్బు. ఈ పని మీద లక్సెట్టిపేట నుంచి మంచిర్యాలకో, కరీంనగర్‌కో బస్సెక్కితే దుకాణంలో వినిపించే సలహా దాదాపు ఒకటే: "అన్నా, నాలుగు డిస్కులు పట్టే డబ్బా తీస్కో. నాలుగు కలిసి ఒక్కటే డ్రైవ్ లెక్క కనపడ్తది. అండ్ల ఒకటి ఖరాబైనా నీ డాటా యాడికి పోదు."

నేను చెప్పేవి దీనికి ఎదురు సలహాలు. దుకాణంలో చదివి వినిపిస్తే తప్పుడు సలహాలనే అంటారు. డిస్కులు కలపొద్దు, తక్కువ కొనండి, సీసీ కెమెరాల డిస్క్ అడగండి, మిషన్ ఆపి ఉంచండి, సగం ఖర్చు ఇంకో ఊళ్లో పెట్టండి అంటాను. ప్రతి మాటా మనసారా చెబుతున్నదే. ఈ ప్రాంతపు కంప్యూటర్లలో ఉండేవి మళ్లీ దొరికే వస్తువులు కావు. దుబాయ్‌లో, సౌదీలో ఉన్న కొడుకు పంపిన వీడియోలు, చనిపోయిన నాయన గొంతు, బిడ్డ పెళ్లి క్యాసెట్ నుంచి మార్చిన ఫైలు, పట్టా పాస్ పుస్తకం స్కానింగ్, సింగరేణిలో రిటైరైన వాళ్ల పీఎఫ్ కాగితాలు. గూగుల్ ఫొటోస్ 2021 జూన్ 1 నుంచి లెక్క లేకుండా ఉచితంగా దాచిపెట్టడం ఆపేసింది. 15 జీబీ దాటితే నెలనెలా కట్టాలి. ఇంట్లోనే దాచుకోవాలన్న ఆలోచన సబబే. దాచే తీరులోనే డబ్బు దండగవుతోంది.

డిస్కులను కలపకండి. అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. కలపడానికి రెయిడ్ అని పేరు. బర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు 1988లో రాసిన పత్రంతో ఆ పేరు స్థిరపడింది. ఖరీదైన ఒక పెద్ద డిస్క్ బదులు చవక డిస్కులు చాలా కలిపి వాడొచ్చా అన్నది వాళ్ల ప్రశ్న. జవాబు నిజంగానే గొప్పది, ఈనాటికీ పెద్ద పెద్ద సర్వర్లు దాని మీదే నడుస్తున్నాయి. అయితే ఆ ఏర్పాటు చేసే మేలు ఒక్కటే: ఒక డిస్క్ చచ్చిపోయినా మిషన్ ఆగకుండా నడవడం. బ్యాంకుకు, రైల్వే రిజర్వేషన్‌కు అది కావాలి. మన ఇంట్లో ఒక సాయంత్రం కంప్యూటర్ ఆగితే వచ్చే నష్టమేమీ లేదు.

మన ఇళ్లలో డాటా పోయే దారులు వేరు. పిల్లలు తెలియక ఫోల్డర్ చెరిపేస్తారు. పెన్‌డ్రైవ్‌తో వైరస్ వస్తుంది. పిడుగుపాటుకు లైన్‌లో వోల్టేజీ ఎగిసి బోర్డు కాలిపోతుంది. దొంగ డబ్బాతో సహా ఎత్తుకుపోతాడు. ఇంట్లోకి నీళ్లు వస్తాయి. వీటిలో ఏది జరిగినా ఒకే డబ్బాలో ఉన్న నాలుగు డిస్కులకూ ఒకేసారి జరుగుతుంది. చెరిపిన ఫైలు రెయిడ్‌లో క్షణంలో అన్ని చోట్లా చెరిగిపోతుంది.

ఇక చవక రెయిడ్ డబ్బాలకు సొంత జబ్బులు కూడా ఉన్నాయి. వెనక్కి తిప్పి చూడండి. చిన్న చిన్న మీటల వరుసో, గుండ్రంగా తిరిగే స్విచ్చో ఉంటుంది, పక్కనే సూదితో నొక్కే బటన్. ఆ మీట ఒక గడి పక్కకు జరిగి ఆ బటన్ నొక్కుకుంటే డబ్బా డిస్కులను కొత్త పద్ధతిలో తయారుచేసుకుంటుంది, పాతదంతా తుడిచిపెట్టుకుపోతుంది. దుమ్ము తుడిచేటప్పుడు చెయ్యి తగిలే చోటే అది ఉంటుంది. డబ్బా లోపలి చిప్ కాలిపోతే డిస్కులు బాగానే ఉన్నా చదవడానికి అదే రకం డబ్బా మళ్లీ దొరకాలి. నాలుగేళ్ల తర్వాత ఆ మోడల్ మార్కెట్‌లో ఉంటుందన్న భరోసా లేదు. ఒక డిస్క్ పోయాక కొత్తది పెట్టి తిరిగి నింపేటప్పుడు మిగిలిన డిస్కులను మొదటి నుంచి చివరిదాకా చదవాలి. మామూలు డిస్కుల కాగితం మీద కంపెనీయే రాసుకునే లెక్క ప్రకారం, సుమారు పన్నెండున్నర టీబీలు చదివితే ఒక చోట చదవలేకపోవచ్చు. వయసైన డిస్కుల మీద గంటల తరబడి ఒత్తిడి పెట్టేది సరిగ్గా ఆ రోజే. నాలుగూ ఒకే రోజు, ఒకే పెట్టెలోంచి కొన్నవైతే అవి దగ్గర దగ్గర కాలంలో పోయే అవకాశమూ ఎక్కువ.

విడివిడి డిస్కులైతే ఇవేవీ లేవు. ప్రతి డిస్కూ తనంతట తానే చదవడానికి వస్తుంది. ఏ కంప్యూటర్‌కు తగిలించినా తెరుచుకుంటుంది. ఒకటి పోతే దాంట్లో ఉన్నదే పోతుంది, దాని నకలు ఇంకో దాంట్లో ఉంటుంది. నెట్‌వర్క్‌కు తగిలించే, నాస్ అనే ఖాళీ నాలుగు డిస్కుల డబ్బా ఒక్కదాని ధరలో రెండు 4 టీబీ డిస్కులు కొని ఇంకా డబ్బు మిగుల్చుకోవచ్చు.

తక్కువ కొనండి. "ఎట్లయిన గావాలె, పెద్దదే కొనుక్కో" అన్న మాట వినకండి. మొదట ఒక సాయంత్రం కూర్చుని ఉన్నదెంతో కొలవండి. సెకనుకు 100 మెగాబిట్ల 4కే వీడియో గంటకు 45 జీబీ తింటుంది. పెళ్లి తీసిన స్టూడియో ఇచ్చిన విడి క్లిప్పులన్నీ ఉంటే అవొక్కటే వందల జీబీలు. ఎడిట్ చేసిన సినిమా, ఫొటోలు ఉంచుకుని, వంటశాలలో కెమెరా ఆన్ చేసి మరిచిపోయిన క్లిప్పులు తీసేయండి. వాట్సాప్‌లో వచ్చిన గుడ్ మార్నింగ్‌లు తీసేయండి. మన ఇళ్లలో నిజంగా దాచాల్సినది చాలాసార్లు 2 టీబీకి మించదు. అంటే 4 టీబీ డిస్కులు రెండు కొంటే ఏళ్ల తరబడి సరిపోతుంది. కొన్నాక కంప్యూటర్ 3.63 టీబీ అనే చూపిస్తుంది. దుకాణదారుణ్ని అనుమానించకండి. కంపెనీ వెయ్యి లెక్కన, విండోస్ 1024 లెక్కన కొలుస్తాయి, అంతే తేడా.

అనుమానించాల్సిన చోటు వేరే ఉంది. ఆన్‌లైన్‌లో రెండు వేలకు, మూడు వేలకు "16 టీబీ ఎస్‌ఎస్‌డీ" అని అమ్మేవి నూటికి నూరు మోసం. లోపల చిన్న మెమరీ కార్డు పెట్టి, కంప్యూటర్‌కు 16 టీబీ అని అబద్ధం చెప్పే చిప్ బిగిస్తారు. కాపీ అవుతున్నట్టే కనిపిస్తుంది, కొంత దాటాక పాతదాని మీదే కొత్తది రాసుకుంటూ పోతుంది. ఏ డిస్క్ కొన్నా మొదటి రోజే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో చివరిదాకా నింపి తిరిగి చదివించండి. 4 టీబీకి ఒక పగలు, ఒక రాత్రి పట్టొచ్చు. పట్టనివ్వండి.

దుకాణంలో సీసీ కెమెరాల డిస్క్ అడగండి. "అది కెమెరాలకన్నా, కంప్యూటర్‌కు పన్జెయ్యది" అంటారు. పనిచేస్తుంది. ఊరూరా కెమెరాలు పెరిగాక చిన్న ఊళ్ల దుకాణాల్లో తేలిగ్గా దొరికే మంచి డిస్కులు వెస్టర్న్ డిజిటల్ పర్పుల్, సీగేట్ స్కైహాక్ రకాలే. అవి రోజంతా తిరగడానికి చేసినవి, మూడేళ్ల వారంటీ ఉంటుంది. కెమెరా రికార్డర్ అడిగినప్పుడు మాత్రమే తప్పును పట్టించుకోకుండా ముందుకెళ్లే పద్ధతి వాటిలో ఉంది. మన కంప్యూటర్ అట్లా అడగదు కాబట్టి మామూలు డిస్కులాగే ప్రవర్తిస్తాయి. వేగం కొంచెం తక్కువ. ఫొటోలు దాచడానికి ఆ వేగం చాలు, వేడి కూడా తక్కువ.

చవకగా కౌంటర్ మీద పెట్టే మామూలు డెస్క్‌టాప్ డిస్కుల్లో చాలావాటిలో గీతలు ఇంటి పైకప్పు పెంకుల్లా ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కి ఉంటాయి. ఎస్‌ఎంఆర్ అంటారు. ఒక పెంకు మార్చాలంటే దాని పై వరుస కూడా ఎత్తాలి, అందుకే పెద్ద మొత్తంలో తిరిగి రాసేటప్పుడు ఇవి మొరాయిస్తాయి. సీగేట్ బరాకుడా 4 టీబీ ఈ రకమే. 2020 ఏప్రిల్‌లో వెస్టర్న్ డిజిటల్ తన రెడ్ డిస్కుల్లో 2 నుంచి 6 టీబీ వాటిలో చెప్పకుండా ఇదే వాడిందని బయటపడింది. తర్వాత మామూలు రకాన్ని రెడ్ ప్లస్ పేరుతో వేరు చేశారు. విడిగా, నకలు కోసం మాత్రమే వాడితే ఎస్‌ఎంఆర్ డిస్క్ కూడా తప్పేమీ కాదు. నాలుగు కలిపిన డబ్బాలో పెడితేనే ఏడిపిస్తుంది. డబ్బా వద్దనడానికి ఇది ఇంకో కారణం.

వాడిన డిస్క్ చవకగా దొరికితే తీసుకునే ముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోతో చూడండి. 05, సీ5, సీ6 వరుసల్లో సున్నా కాకుండా ఇంకే అంకె ఉన్నా వదిలేయండి. తిరిగిన గంటల అంకెను మాత్రం నమ్మకండి. 2025 మొదట్లో జర్మనీలో, ఇతర దేశాల్లో వాడిన సీగేట్ డిస్కులకు ఆ అంకెను చెరిపి కొత్తవని అమ్మిన మోసం బయటపడింది.

డిస్కులు పెట్టడానికి డబ్బా బదులు పాత పెద్ద క్యాబినెట్ కొనండి. సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్‌లో కంపెనీలు వదిలేసిన డెల్, హెచ్‌పీ కంప్యూటర్లు దొరుకుతాయి. సన్నటివి అందంగా ఉంటాయి గానీ వాటిలో పెద్ద డిస్క్ సాధారణంగా ఒక్కటే పడుతుంది. నిలువు టవర్ అడగండి. మూత తీయించి సాటా పోర్టులు ఎన్నో, స్క్రూలు బిగించే గూళ్లు ఎన్నో లెక్కపెట్టండి. యూఎస్‌బీ డబ్బానే కావాలనుకుంటే దాని అడాప్టర్ మీద అంకె చదవండి. పెద్ద డిస్క్ తిరగడం మొదలుపెట్టే కొన్ని సెకన్లలో 12 వోల్టుల మీద సుమారు రెండు యాంపియర్లు లాగుతుంది. రెండు డిస్కుల డబ్బాకు రెండు యాంపియర్ల అడాప్టర్ ఇచ్చారంటే అది మొదటి రోజు నుంచే ఆకలితో పనిచేస్తుంది. చేతిలో పట్టే చిన్న పాస్‌పోర్ట్ డ్రైవ్‌లు కొన్నిటికి యూఎస్‌బీ సాకెట్ నేరుగా డిస్క్ బోర్డుకే అతికి ఉంటుంది. ఆ సాకెట్ వదులైతే డిస్క్ తీసి వేరేదాంట్లో పెట్టే దారి ఉండదు. ఇంటి ముఖ్యమైన నకలును అట్లాంటి దాంట్లో ఉంచకండి.

డిస్క్ కంటే ముందు కరెంటు మీద ఖర్చు పెట్టండి. రామగుండంలో ఎన్టీపీసీ, జైపూర్‌లో సింగరేణి థర్మల్ మన పక్కనే ఉన్నాయి. అయినా ఏప్రిల్, మే నెలల్లో గాలిదుమారం లేస్తే చెట్టుకొమ్మ లైన్ మీద పడి ఎన్‌పీడీసీఎల్ వాళ్లు వచ్చేదాకా చీకటే. కరెంటు పోవడం కంటే పోయి, వచ్చి, మళ్లీ పోవడం డిస్కుకు చెడ్డది. కాబట్టి మొదటి పని ఎర్తింగ్. కంప్యూటర్ ఆన్‌లో ఉండగా క్యాబినెట్ వెనక ఇనుప రేకుకు వేళ్ల వెనక భాగం తగిలితే సన్నగా తిమ్మిరి పట్టినట్టు ఉంటుందా? అయితే మీ మూడో పిన్ భూమిదాకా వెళ్లడం లేదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి అది సరిచేయించేదాకా కొత్త డిస్క్ కొనకండి.

రెండోది, మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని మీద చిన్న స్విచ్ ఉంటుంది. ఒక పక్క యూపీఎస్ అని, ఇంకో పక్క ఎకో అనో నార్మల్ అనో రాసి ఉంటుంది. చాలా ఇళ్లలో అది ఎకో వైపే ఉంటుంది, ఎందుకంటే ఫ్యాన్లకు, లైట్లకు అది చాలు. ఎకోలో కరెంటు పోయినప్పుడు మారడానికి పట్టే సమయం ఎక్కువ, కంప్యూటర్ ఆ సందులోనే ఆగిపోతుంది. యూపీఎస్ వైపు పెడితే ఆగదు. ఖర్చు లేని పని ఇది. ఇన్వర్టర్ లేకపోతే 600 వీఏ యూపీఎస్ ఒకటి తీసుకోండి, అందులో బ్యాటరీ రెండు మూడేళ్లకు మార్చాల్సిందేనని ముందే లెక్క వేసుకోండి. డిస్కును ఎక్స్‌ఫ్యాట్‌లో కాకుండా ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ చేయండి. చేస్తున్న పనిని ముందుగా రాసిపెట్టుకునే చిట్టా ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు ఉంది, ఎక్స్‌ఫ్యాట్‌కు లేదు. కాపీ మధ్యలో కరెంటు పోతే ఆ తేడా తెలుస్తుంది. "టీవీకి పెట్టుకోవాలె గదా" అంటే, టీవీకి ఒక పెన్‌డ్రైవ్ వేరే పెట్టుకోండి.

వేడి సంగతి కూడా. మేలో బయట 45 డిగ్రీలు దాటే ఊళ్లు మనవి. మామూలు డిస్కులు 60 డిగ్రీల దాకా ఓర్చుకుంటాయని కంపెనీ రాస్తుంది. గాలి ఆడని ప్లాస్టిక్ డబ్బాలో రెండు డిస్కులు మధ్యాహ్నం పూట ఆ గీతకు దగ్గరగా వెళ్తాయి. అట్లాగని కూలర్‌కు ఎదురుగా పెట్టకండి, ఆ గాలిలో తడి ఉంటుంది. శ్రీరాంపూర్, మందమర్రి బొగ్గు గనుల వైపు ఉండేవాళ్లు ఫ్యాన్ జాలీకి పట్టే నల్ల దుమ్మును నెలకోసారి తుడవాలి. అన్నిటికంటే తేలిక: పెద్ద కాపీలు తెల్లవారుజామున చేసుకోండి.

మిషన్‌ను రోజంతా నడపకండి. ఊరికే ఆన్‌లో ఉన్న పాత టవర్ 36 వాట్లు తిన్నా నెలకు సుమారు 26 యూనిట్లు. ఫొటోలు దాచుకోవడానికి వారంలో ఒక సాయంత్రం చాలు. ఆగి ఉన్న డిస్కుకు వేడి లేదు, పిడుగు లేదు, వైరస్ లేదు. ప్లగ్ కూడా తీసేయండి. ఫోన్‌లో ఎక్కడి నుంచైనా చూసుకోవచ్చని ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టే ఏర్పాటును అసలే వద్దనండి. 2021 జూన్‌లో ప్రపంచమంతటా వెస్టర్న్ డిజిటల్ మై బుక్ లైవ్ డ్రైవ్‌లు వాడే వాళ్లు పొద్దున లేచి చూస్తే అన్నీ ఖాళీ. ఇంటర్నెట్ మీదుగా ఎవరో వాటిని తుడిచేశారు. అవి ఇళ్లలో కూర్చున్న డిస్కులే.

ఇప్పుడు డబ్బులో సగం ఎక్కడ పెట్టాలో చెప్తాను. రెండో డిస్కును గోదావరి అవతల పెట్టండి.

2022 జూలైలో కడెం ప్రాజెక్టు గేట్ల పైనుంచి నీళ్లు పొంగాయి. మంచిర్యాలలో గోదావరి వైపు కాలనీలు మునిగాయి, మాతాశిశు ఆసుపత్రిలోకి నీళ్లు రావడంతో బాలింతలను వేరే చోటికి తరలించారు. మరుసటి ఏడు జూలైలో కడెం మళ్లీ అదే భయం పెట్టింది. లక్సెట్టిపేట, దండేపల్లి, మంచిర్యాలల్లో రెండు ఇళ్లలో రెండు నకళ్లు ఉంచినా ఆ రోజు రెండూ ఒకే వర్షం కింద ఉంటాయి. రాయపట్నం వంతెన దాటి జగిత్యాలలోనో, కరీంనగర్‌లోనో ఉన్న మేనమామ ఇంట్లో, ఆడబిడ్డ ఇంట్లో, పై అంతస్తు బీరువాలో ఒక డిస్క్ ఉంటే ఆ వరద దానికి తగలదు.

పెద్ద సంస్థలకే ఈ పాఠం ఖరీదుగా వచ్చింది. 2000 ఆగస్టు వరదలో హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి నీళ్లు వచ్చి గ్రంథాలయం మునిగింది. అరుదైన పాత పుస్తకాలు, పత్రికలు తడిసి ముద్దయ్యాయి. చిత్తూరు జిల్లాలో పుట్టిన రాజ్‌రెడ్డి ముందుండి నడిపించిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో వేల తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. ఆ సైటు తర్వాత మూతపడింది. అయినా ఈ రోజు ఆ పుస్తకాలు చదవగలుగుతున్నామంటే అవి ఆర్కైవ్.ఆర్గ్‌కు నకళ్లుగా చేరి ఉండటమే కారణం. ఒకే చోట ఎంత గట్టి ఏర్పాటు ఉన్నా రెండో చోటికి అది సాటి రాదు.

ఆ రెండో డిస్క్ వేరే కంపెనీదై ఉండాలి, వేరే నెలలో కొన్నదైతే ఇంకా మంచిది. బీరువాలో ఏళ్ల తరబడి ఉండే నకలుకు ఎస్‌ఎస్‌డీ వద్దు. కరెంటు లేకుండా, ఎండాకాలం వేడిలో ఉంటే దాంట్లోని విద్యుదావేశం మెల్లగా జారిపోతుంది. తిరిగే డిస్కే నయం. దసరాకో, గూడెం గుట్ట సత్యనారాయణ స్వామి దర్శనానికో చుట్టాలు వచ్చినప్పుడు తెమ్మనండి. కొత్త ఫైళ్లు చేర్చి మళ్లీ పంపండి. ఆర్టీసీ బస్సులో పైన అరలో కాకుండా ఒళ్లో పెట్టుకోమనండి.

చేర్చడం అన్నాను, మిర్రర్ చేయడం అనలేదు. కాపీ ప్రోగ్రాముల్లో మిర్రర్ అనే బటన్ ఉంటుంది, అది ఇక్కడ చెరిపినది అక్కడా చెరిపేస్తుంది. దాన్ని నొక్కకండి. కుటుంబం ఫొటోలకు తాళం కూడా వేయకండి. తాళం పెట్టిన మనిషి లేని రోజున ఆ డిస్క్ ఇనుప ముక్కే అవుతుంది. భూమి కాగితాలు, బ్యాంకు కాగితాలు ఉన్న ఒక్క ఫోల్డర్‌కు పాస్‌వర్డ్ పెట్టి, ఆ పాస్‌వర్డ్‌ను పట్టా పాస్ పుస్తకం లోపల కాగితం మీద రాసి, ఇంట్లో ఇంకొకరికి చూపించండి. దుబాయ్ నుంచి తమ్ముడు పంపే వీడియోలను వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమనండి, లేకపోతే అది నలిపి చిన్నది చేసి పంపుతుంది.

ఏడాదికోసారి ఆ రెండో డిస్కును వేరే కంప్యూటర్‌కు తగిలించి, పెళ్లి వీడియో ఒకటి మొదటి నుంచి చివరిదాకా ఆడించండి. ఇంట్లో కంప్యూటర్ బాగా తెలిసిన మనిషి కాకుండా ఇంకొకరు చేయాలి ఈ పని.

చివరగా వారంటీ. బిల్లు దాచుకోండి, సీరియల్ నంబర్‌ను కంపెనీ సైటులో కొన్న రోజే సరిచూసుకోండి, విదేశాల కోసం చేసిన డిస్క్ అయితే ఇక్కడ వారంటీ చెల్లకపోవచ్చు. కానీ డిస్క్ నిజంగా చచ్చిపోయి, అందులో ఆడపిల్లల ఫొటోలు, కుటుంబం కాగితాలు ఉండి, తుడవడానికి తెరుచుకోకపోతే, దాన్ని వారంటీకి పంపకండి. కంపెనీ డిస్క్ మారుస్తుంది, డాటా తిరిగి ఇవ్వదు. పాత డిస్క్ మీ చేతి నుంచి పోతుంది. వడ్రంగి దగ్గర డ్రిల్లింగ్ మిషన్‌తో లోపలి పళ్లేల గుండా మూడు నాలుగు బెజ్జాలు పెట్టించండి. కళ్లకు అద్దాలు పెట్టుకోమనండి, ఆ పళ్లేలు కొన్ని గాజువి. తర్వాత కొత్త డిస్క్ కొని, కరీంనగర్ నుంచి నకలు తెప్పించుకోండి.